దొంగ దగ్గరే భద్రం

మీ గుట్టు పదిలంగా ఉండాలంటే దాన్ని ఒక సైబర్ దొంగ చేతిలో పెట్టండి. నవ్వకండి, బాగా ఆలోచించే చెబుతున్నాను. ప్రాణ స్నేహితురాలి చెవిలో వేసిన మాట పొద్దుగూకేలోపు వీధి చివరికి చేరుతుంది. బీరువా తాళం ఎక్కడ పెడతారో చుట్టాలందరికీ తెలుసు. దొంగ అలా కాదు. మీ గుట్టే వాడి పెట్టుబడి. అది బజారున పడిందంటే వాడికి చిల్లిగవ్వ రాలదు. అందుకే కంటికి రెప్పలా కాచుకుంటాడు.

ఇంతటి కాపలాదారును పట్టుకోవడానికి ఇప్పుడు దేశాలన్నీ చేతులు కలిపాయి. సరిహద్దులు దాటి మరీ నేరాన్ని తరుముతాయట! అదీ ఎవరి ప్రాథమిక హక్కులకూ చీమ కుట్టినంత నొప్పి లేకుండా! దీనివల్ల మానవజాతికి ఎంత మేలు జరుగుతోందో మా వదిన సంగతి వింటే మీకే తెలుస్తుంది.

మా వదిన లేడీస్ టైలరు. ఇంటి కింది గదిలో రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, మూలన పచ్చ తెర, తెర వెనక నిలువుటద్దం, అదీ ఆవిడ సామ్రాజ్యం. నోరు కాస్త పెద్దదే. పాత లైనింగు పట్టుకొచ్చి కొత్త డ్రెస్సుకి వెయ్యమంటే "దాంతో మీ పొయ్యి గట్టు తుడుచుకోండమ్మా" అని మొహం మీదే అనేస్తుంది. అయినా ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. తెర వెనక చూసింది తెర ముందుకు రాదు, అదీ కారణం. ఎవరి భుజం ఒంగిందో, ఎవరి నడుము మీద కాలిన మచ్చ ఉందో మా అన్నయ్యకు కూడా ఈనాటికీ తెలియదు.

ఆవిడకో అలవాటుంది. ఫిట్టింగు ఒక పట్టాన కుదరకపోతే మనిషిని అద్దం ముందు నిలబెట్టి ఫోటో తీసుకుంటుంది. గుడ్డ ఎక్కడ లాగుతోందో, ఎక్కడ జారుతోందో కత్తెర పట్టినప్పుడు చూసుకోవడానికి. ఆ ఫోటోల్లో ఎక్కువ మా ఊరి లైబ్రేరియన్ గారివే. ఆవిడకు జబ్బు చేసి ఒక రొమ్ము తీసేశారు. ఆ పక్క మెత్త పెట్టిన లోపలి జాకెట్టు మా వదినే కుడుతుంది. మెత్త కాస్త కిందికి జారినా నలుగురిలో తెలిసిపోతుంది కనుక, కుదిరేదాకా కుట్టడం, విప్పడం, మళ్ళీ ఫోటో తీయడం. ఈ సంగతి లైబ్రరీలో ఎవరికీ తెలియదు. ఆవిడ తోడికోడళ్ళకూ తెలియదు.

ఒకనాడు పార్సిల్ ఆగిపోయిందని ఏదో లింకు వస్తే మా వదిన నొక్కింది. మర్నాడు పరాయి దేశం నుంచి, కంప్యూటరు తర్జుమా చేసిన తెలుగులో మెసేజి వచ్చింది. "గౌరవనీయ మహిళ. మీ ఫోన్ యొక్క చిత్రములు నా వద్ద కలవు. ధనము పంపుము. లేనియెడల అందరికీ చూపెదను."

మా వదిన ముందు లైబ్రేరియన్ గారి దగ్గరికే పరిగెత్తింది.

"డబ్బు పంపించేస్తానండీ. పీడా పోతుంది."

"పంపితే మళ్ళీ అడుగుతాడు. చట్టాలు ఎందుకున్నాయి? వెళ్ళి ఫిర్యాదు ఇవ్వు," అంది లైబ్రేరియన్ గారు. చట్టాల పుస్తకాలన్నీ ఆవిడ అరల్లోనే ఉంటాయి, రోజూ ఆవిడే దుమ్ము దులుపుతుంది, నమ్మకూడదా పాపం? "నా సంగతి మాత్రం బయటికి రానివ్వకు," అని గొంతు తగ్గించి అంది.

"నా కంఠంలో ప్రాణముండగా రాదు," అని మా వదిన మాటిచ్చింది.

సైబర్ నేరాల ఆఫీసు చల్లగా ఉంది. గోడ మీద 'మీ సమాచారం మీ హక్కు' అని పెద్ద పోస్టరు, దాని కింద అందరి ఫిర్యాదులూ అందరూ చదువుకునేలా పరిచిన బల్ల. ఆఫీసరు చాలా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు.

"ఫోన్ ఇక్కడ పెట్టండమ్మా. పాస్‌వర్డ్ ఈ కాగితం మీద రాయండి."

"వాడు పంపిన మెసేజి ఇదిగో బాబూ. ఇది చాలదా?"

"చాలదమ్మా. అవతలి దేశం వాళ్ళు ఫోన్ మొత్తం కాపీ అడుగుతారు."

"లోపల ఆడవాళ్ళ ఫోటోలున్నాయి. ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. విచారణలో ఉన్నవాళ్ళు తప్ప."

"వాళ్ళెంతమంది?"

"అది చెప్పకూడదమ్మా. వాళ్ళ ప్రైవసీ."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫోన్ ఇవ్వకపోతే ఫిర్యాదు లేదు, ఫిర్యాదు లేకపోతే దొంగ ఊరుకోడు. మా వదిన పాస్‌వర్డ్ రాసిచ్చి, కొత్త ఫోన్ కొనుక్కుని, అదే నంబరు వేసుకుంది.

ఇక చూడండి, సహకారం ఎలా పరుగులు తీసిందో! కాపీ ల్యాబుకు వెళ్ళింది. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో అని ల్యాబువాళ్ళు తెరిచి చూశారు. ల్యాబువాళ్ళు సరిగ్గా చూశారో లేదో అని పై ఆఫీసువాళ్ళు తెరిచి చూశారు. పరాయి దేశానికి పంపే సరుకు కదా అని విదేశీ వ్యవహారాలవాళ్ళు తెరిచి చూశారు. ఆ తర్వాత తర్జుమా చేసేవాళ్ళకు పెద్ద చిక్కొచ్చిపడింది. ఫోటోను తర్జుమా చెయ్యడం ఎలా? అందుకని ఒక్కొక్క ఫోటోలో ఏముందో రెండు భాషల్లో వర్ణించి రాశారు. శ్రద్ధ గల మనుషులు, ఒక్క ఆపరేషన్ గాటు కూడా వదల్లేదు.

కొన్నాళ్ళకు అవతలి దేశం నుంచి జవాబు వచ్చింది. నేరం చేసిన వ్యక్తిని గుర్తించారట. కానీ అతని పేరు, ఊరు, ఫోటో వెల్లడించడం అతని వ్యక్తిగత గోప్యతకు భంగమట. కనుక వెల్లడించరట. విచారణ జరిగేదాకా అతను ఇంట్లోనే ఉంటాడట. ఆఫీసరు ఈ కబురు చెప్పి, పెళ్ళి కుదిరినంత సంబరంగా నవ్వాడు.

"వాడి హక్కులు వాడికి వద్దనను బాబూ. మనిషే కదా, ఉండనివ్వండి," అంది మా వదిన. "వాడికి కుట్టిన గుడ్డలో ఏదైనా ముక్క మిగిలితే మాక్కూడా కప్పమంటున్నా, అంతే."

ఆఫీసరు దాన్ని ఎక్కడా రాసుకోలేదు. ఆయనకు తీరిక లేదు. రెండు దేశాలు కలిసి ఒక మనిషిని గుర్తించడమంటే మాటలా? ఇలాంటి ఘనకార్యాన్ని ప్రజలకు చెప్పకపోతే ఎలా? అందుకని 'సరిహద్దులు దాటిన న్యాయం, చెక్కుచెదరని హక్కులు' అని ఒక సదస్సు పెట్టారు. సదస్సులకు హాలు ఉన్నది ఊళ్ళో లైబ్రరీకే. కుర్చీలు వేయించింది లైబ్రేరియన్ గారు. తెర బాగా కనపడాలని కిటికీలు మూయించిందీ ఆవిడే. మొదటి వరసలో కూర్చుంది. మా వదినను మాత్రం పిలవలేదు. ఆవిడ వట్టి బాధితురాలు కదా!

ఆఫీసరు చక్కగా మాట్లాడాడు. నేరగాడి నీడను కూడా చూపించం, అది అతని హక్కు అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత, స్వాధీనం చేసుకున్న సాక్ష్యం ఇలా ఉంటుంది అంటూ తెర మీద ఒక ఫోటో వేశాడు. పచ్చ తెర, నిలువుటద్దం, అద్దం ముందు ఒక ఆడమనిషి. ముఖం మీద నల్లటి చతురస్రం అంటించారు. మిగతాది అలాగే వదిలేశారు.

పక్క కుర్చీలో ఉన్న క్లర్కు వంగి, "మేడం, ఆ ఎర్ర బెల్టు వాచీ అచ్చం మీదానిలాగే ఉందే," అంది. అని, ఆవిడ చేతి వాచీ వంక ఒకసారి, తెర వంక ఒకసారి చూసి, తల దించుకుంది. వెనక వరసలోవాళ్ళూ చూశారు.

సంగతి తెలియగానే మా వదిన సైబర్ ఆఫీసుకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. అవతల ఆఫీసరు ఏమాత్రం తొణకలేదు. "ముఖం కప్పాం కదమ్మా. నిబంధన పాటించాం," అన్నాడు.

సరిగ్గా అప్పుడే లైబ్రేరియన్ గారు దుకాణంలోకి వచ్చింది. వాచీ పెట్టుకోలేదు. కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుంది. ఫోన్లో ఆ మాట ఆవిడకూ వినపడింది.

"ముఖమైతే నేను రోజూ అందరికీ చూపిస్తూనే ఉన్నాగా," అంది. "దాన్నెందుకు కప్పారు?"

మా వదిన ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. "మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయానండీ," అంది. నీ తప్పేం లేదంది ఆవిడ. లైబ్రరీకి సెలవు పెట్టానంది. ఎన్నాళ్ళకో చెప్పలేదు. కుట్టడానికిచ్చిన జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. ఈసారి వేసుకుని చూసుకోలేదు, పచ్చ తెర వైపు పోనేలేదు.

ఆ వారంలోనే మా వదిన కొత్త ఫోన్‌కి మెసేజి వచ్చింది. వాడే. ఇంట్లో కూర్చుని, హక్కులన్నీ క్షేమంగా ఉన్నవాడు. "గౌరవనీయ మహిళ. ఇది చివరి అవకాశము. ధనము పంపుము. లేనియెడల ఎర్ర గడియారము గల స్త్రీ చిత్రము ప్రజలకు చూపెదను."

మా వదిన కత్తెర పక్కన పెట్టి జవాబు రాసింది. "ఆలస్యం చేశావు నాయనా. నిన్ను పట్టుకుంటామన్నవాళ్ళే ముందుగా చూపించేశారు. హాలు నిండా జనం."

తర్వాత ఒక మెసేజి వచ్చింది.

"మిక్కిలి విచారించుచున్నాను. ఆ స్త్రీ ఇప్పుడు ఎట్లున్నది?"

పాఠక మహాశయులారా, రెండు దేశాల్లో ఇన్ని ఆఫీసులు తిరిగిన ఆ ఫోటోను చూసి, ఆ మాట అడిగినవాడు వాడొక్కడే.