ఆవిరి మీద నీళ్ల దాడి

ఆ ఉదయం వాల్బుర్గా పెట్టుకున్న పనులు మూడే: కట్టెపేళ్ల కుప్పను తిరగేయడం, ఆపిల్ కేకు కోయడం, పదింటికల్లా పొరుగూరి పెద్దలను వెచ్చటి హాల్లో కూర్చోబెట్టడం. ఊళ్లోని అరవై మూడు ఇళ్లకూ ఆ పేళ్లతో మండే ఒకే బాయిలర్ నుంచి గొట్టాల్లో వేడినీళ్లు వెళ్తాయి. బాయిలర్ ఊరందరిదీ, పెత్తనం వాల్బుర్గాది, తిట్లూ ఆమెకే. పొరుగూరు కూడా వచ్చి కలిస్తేనే రెండో బాయిలర్ వస్తుంది. లేకపోతే ఈ ముసలి బాయిలర్ ఇంకో చలికాలం దాటదు.

ఫిబ్రవరి చలిలో ఆమె లోడర్‌తో కుప్పను తిరగేసింది. పచ్చి పేళ్లు లోలోపల వేడెక్కి ఉంటాయి గనక గుప్పున ఆవిరి లేచింది. ఏటా లేచేదే. కానీ బేకరీ ఆవిడ ఊరికి కొత్త. కిటికీలోంచి చూసి ఫోన్ అందుకుంది. రెండు నిమిషాల్లో సైరన్ మోగింది.

ఆ ఊళ్లో అగ్నిమాపక దళమంటే ఊళ్లో మగాళ్లంతా. అందరికంటే ముందు దళపతి కోర్బీనియన్ ఊడిపడ్డాడు, సగం గీసిన గడ్డంతో. ఆయన వాల్బుర్గా మొగుడే.

"ఆగవయ్యా! అది పొగ కాదు, ఆవిరి!"

"ఆ సంగతి రిపోర్టులో రాస్తాంలే. పక్కకు జరుగు."

"నీకెక్కడైనా మంట కనబడుతోందా?"

"కనబడేదాకా ఆగితే ఇక మేమెందుకే?"

పదకొండేళ్లుగా ఒక్క మంటకూ నోచుకోని దళం అది. పైగా పంపు కొత్తది. వాల్బుర్గా గొంతు చించుకుంటుండగానే కుప్పను నలభై నిమిషాలు తడిపి ముద్ద చేశారు. ఆ ముద్ద మింగిన బాయిలర్ రెండుసార్లు మూలిగి ఆరిపోయింది. ఇక ఫోన్లు మొదలయ్యాయి.

"వాల్బుర్గా, తల మీద సబ్బుంది, నీళ్లేమో మంచులా ఉన్నాయి!"

"మీ ఆయన ఇక్కడే ఉన్నాడు తల్లీ, చేతిలో గొట్టం పట్టుకుని. ఆయన్నడుగు!"

పదింటికి పొరుగూరి మేయర్ లియోన్‌హార్ట్, ఇద్దరు పెద్దలు వచ్చి, చల్లబడ్డ హాల్లో కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి రప్పించిన మనుషులు! వాల్బుర్గాకు ఏడుపొచ్చింది. దాచి లాభం లేదని జరిగిందంతా చెప్పేసింది.

"మంట లేకుండానే నలభై నిమిషాలా?" అన్నాడు మేయర్.

"అవునండీ."

"అందరూ వచ్చారా?"

"ఒక్కడూ మిగల్లేదు."

ఆయన మిగతా ఇద్దరి వైపూ చూశాడు. "మా ఊరి దళానికీ నేనే పెద్దనమ్మా. పద్నాలుగేళ్లుగా సైరన్ తుడవడం తప్ప పని లేదు. ఒక్కొక్కళ్లే మానేస్తున్నారు. మేం కలిస్తే ఈ కుప్పలో మాకూ భాగం ఉంటుందిగా?"

"ఉంటుంది," అంది వాల్బుర్గా అయోమయంగా.

"అయితే కలమివ్వండి."

సంతకాలయ్యాక దళపతులిద్దరూ భుజాల మీద చేతులేసుకుని కుప్ప దగ్గరికి నడిచారు, వచ్చేసారి ఎవరు ఏ వైపు నుంచి నీళ్లు కొట్టాలో తేల్చుకోవడానికి.