ఫార్మసిస్టు లేరు

పెళ్లయిన నలభై మూడో రోజు ఉదయం భార్యాభర్తలు ఒక ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా కాలవ పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూర్చుని కలిసి భోంచేయాలి. ఆ అరగంట ఫోన్లు మోగకూడదు.

ఇంత చిన్న విషయానికి నిర్ణయం దేనికంటే, ఆమె మందుల షాపులో ఫార్మసిస్టు. పొద్దున తొమ్మిదికి వెళ్తే చీకటి పడ్డాక వస్తుంది. అతను బస్సు డిపోలో మెకానిక్కు. మధ్యాహ్నం రెండున్నరకు డ్యూటీ ఎక్కితే, ఆమె నిద్రపోయాక ఇల్లు చేరతాడు. మెలకువగా ఉన్న మొగుణ్ణి చూడాలంటే ఆమెకు ఆదివారమే గతి.

సరిగ్గా ఆ వారమే రాష్ట్ర ప్రభుత్వం మందుల షాపుల నిబంధనలు మార్చింది. ఇకమీదట డాక్టరు చీటీ మందులు ఫార్మసిస్టు ఎదురుగా లేకుండా ఎవరూ ఇవ్వకూడదు. ఫార్మసిస్టుకు రోజూ అరగంట భోజన విరామం ఉండాలి. అంతసేపూ చీటీ మందుల కౌంటరు మూసి, ఫార్మసిస్టు ఫోటోతో, పది అడుగుల దూరానికి కనిపించే నల్ల అక్షరాలతో బోర్డు పెట్టాలి. ప్రభుత్వ ఉత్తర్వు చదివి పులకించే మనుషులు అరుదు. ఆమె రెండుసార్లు చదివింది, రెండోసారి భర్తను నిద్రలేపి కూర్చోబెట్టి పైకి చదివింది.

షాపు యజమానికి మాత్రం అరగంట కౌంటరు మూయడం మింగుడుపడలేదు. ఉత్తర్వు చివరి పేజీలో ఆయనకు కావలసిన ముక్క దొరికింది. విరామం వద్దని ఫార్మసిస్టే రాసిస్తే కౌంటరు మూయనక్కర్లేదట. ఆ మేరకు ఒక కాగితం టైపు చేయించి సొరుగులో పెట్టుకున్నాడు.

"ఈ ఒక్కరోజు వెళ్లమ్మాయ్. నువ్వు లేవని ఒక్క మనిషి బాధపడ్డా, దీని మీద సంతకం పెట్టెయ్యాలి," అన్నాడు. ఆమె సరేనంది. అరగంటలో ఎవరు బాధపడతారు అనుకుంది.

ఒంటిగంటకు భర్త వచ్చాడు. ఆమె బోర్డు నిలబెట్టి అతని వెంట వెళ్లింది. బోర్డు మీద రెండు వరుసలున్నాయి: 'ఫార్మసిస్టు లేరు', దాని కింద 'ఒకటిన్నరకు వస్తారు'. వాళ్లిద్దరూ వీధి మలుపు తిరిగారో లేదో దగ్గుమందు పెట్టెలు దిగాయి. యజమాని వాటిని బోర్డు ముందే పేర్చాడు. రెండో వరుస పెట్టెల వెనక్కి పోయింది. పైన మిగిలింది నవ్వుతున్న ఫోటో, తెల్లటి బోర్డు, రెండు నల్లటి మాటలు.

మొదట వచ్చింది రిటైరైన హెడ్మాస్టరు, రక్తపోటు మాత్రల కోసం. బోర్డు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివాడు.

"ఎప్పుడండీ?"

"ఇప్పుడే, ఒంటిగంటకి," అన్నాడు యజమాని, సరుకు చూసుకుంటూ తలెత్తకుండా.

"పొద్దున చూశాను, బాగానే ఉందే."

"బాగానే ఉంది. నవ్వుతూనే వెళ్లింది." మాత్రలు దొరక్క ఆయనకు కోపం వచ్చిందనుకుని యజమాని గొంతు తగ్గించాడు. "నా చేతుల్లో ఏం లేదు మాస్టారూ. పైనుంచి ఆర్డరు."

"ఎవరి చేతుల్లో మాత్రం ఏముంది," అన్నాడు హెడ్మాస్టరు. "పాపం, వాళ్లాయన?" అని అడిగాడు.

"ఆయనా వెంటే వెళ్లాడు."

హెడ్మాస్టరు దగ్గుమందు పెట్టె మీద కూలబడ్డాడు.

పావుగంటలో షాపు ముందు ఇరవై మంది చేరారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆ మౌనం యజమానికి తిరుగుబాటులా కనిపించి, కౌంటరు వెనక్కి జరిగాడు. ఇద్దరు డాక్టర్లు ఒకే మందును రెండు పేర్లతో రాసిస్తే కనిపెట్టి ఆపింది ఆ పిల్లేనని హెడ్మాస్టరు వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. పక్క షాపు టైలరమ్మ కళ్లొత్తుకుంది.

"మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి, మళ్లీ నా నోటితో చెప్పించుకునేది. నాకేమన్నా చెవుడా అని మొన్ననే విసుక్కున్నాను."

ఎదురుగా ఉన్న మనిషి గురించి ఎవరూ ఇంత శ్రద్ధగా మాట్లాడుకోరు. అందుకు ఆ మనిషి లేకుండా పోవాలి. ఎక్కువసేపు అక్కర్లేదు, అరగంట చాలు.

ఫార్మసిస్టు అత్తగారికి ఫోను చేసింది కూడా టైలరమ్మే. అత్తగారు కొడుక్కి చేసింది, ఎత్తలేదు. కోడలికి చేసింది, ఎత్తలేదు. ఈ నలభై మూడు రోజుల్లో ఆవిడ కోడలితో 'తిన్నావా', 'తలుపేశావా' తప్ప మూడో మాట మాట్లాడి ఎరగదు. ఇప్పుడు ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కొడుకు చెప్పు వేసుకుని పరుగున వచ్చింది.

ఆ సమయానికి కాలవలో ఈదుతున్న బాతులు ఏడా, ఎనిమిదా అని కొడుకూ కోడలూ పందెం వేసుకుంటున్నారు.

ఒకటీ ఇరవై తొమ్మిదికి ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. జనం పక్కకి జరిగి దారిచ్చారు.

"లేదన్నారే," అన్నాడు హెడ్మాస్టరు యజమానితో, సన్నగా.

"లేదు కాబట్టే లేదన్నాను. ఇప్పుడొచ్చింది."

అత్తగారు ముందుకొచ్చింది. కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. కోడలి చెంపలు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"తిన్నావా?"

"తిన్నానత్తయ్యా."

విషయం అర్థమయ్యాక ఇరవై మందీ ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడిపోయారు. యజమాని సొరుగు లాగి కాగితం తీశాడు. ఒక్కరు బాధపడినా అనుకున్నాం, ఇక్కడ వీధి వీధంతా ఏడ్చింది, సంతకం పెట్టమన్నాడు. మాట ఇచ్చింది కాబట్టి ఆమె పెన్ను తీసుకుంది. భర్త నేల చూపులు చూశాడు.

అదేం కాగితమని అత్తగారు అడిగింది. హెడ్మాస్టరు చదివి వినిపించాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది.

"నా కోడలు అన్నం మానేస్తానని ఎక్కడా సంతకం పెట్టదు. దాని తిండి సంగతి ఇకనుంచి నేను చూసుకుంటాను."

ఇరవై తలలు ఒక్కసారి ఊగాయి. ఆ ఇరవై మందికీ రేపు మందులమ్మాల్సిన యజమాని సొరుగు మూసేశాడు. అరగంట దక్కింది.

మరునాడు ఒంటిగంటకు ఇద్దరూ చేతులు పట్టుకుని కాలవ దగ్గరికి వెళ్లారు. అత్తగారు అప్పటికే మూడు డబ్బాలు విప్పి, బెంచీకి సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంది.

ఈ విషయంలో ప్రభుత్వం ఇంకా ఏ నిబంధనా చేయలేదు.