యెజెబెలు మేసిన ద్రాక్షతీగ

మార్కాపురం పలకల గనిలో పనిచేసే ఏబేలుకు కళ్లు తెరుచుకునుండే పగటికలలు కనే జబ్బుండేది. తెల్లదొరల కాలం అది. పాదిరి దొర ఎక్కడో ఎండదేశం నుంచి తెప్పించిన నల్లద్రాక్ష కొమ్మ ఒకటి అతని చేతిలో పెట్టి, "దీనికి ఎండ అంటే ప్రాణం. రసం నెత్తురంత ఎరుపు" అన్నాడు. ఏబేలు ఆ ఆదివారమే మందిరంలో లేచి నిలబడ్డాడు. "మూడో ఈస్టరుకు ప్రభువు బల్ల మీద గిన్నెలో మా పెరటి రసమే" అని సంఘమంతా వినేట్టు మాటిచ్చేశాడు.

భార్య విజయమ్మ ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది.

తీగ నాటి, చుట్టూ పలకరాయి ముక్కలతో గోడ పేర్చాడు. కందిపోతుందని పైన తాటాకు పందిరి వేశాడు. పొద్దున కడవ, మాపున కడవ నీళ్లు.

"ఏందయ్యా, ఎండ కావాలనే తీగకు పందిరేసినావు?"

"దొరల ఎండ వేరే, మన ఎండ వేరే. పసిది, యాడ తట్టుకుంటాది?"

"ఆ నీళ్లు ఎండలో మోసేది నేను. పెరట్లో ఎండలో పొయ్యి ఊదేదీ నేనే. నాకేసినావా ఏనాడన్నా పందిరి?"

"నువ్వేమన్నా కాస్తావా?"

"కాసినా గదయ్యా, ముగ్గురిని."

ఏబేలు పోయి పందిరి కింద వాలాడు. అక్కడ పడుకున్నప్పుడల్లా ఆకుల సందులోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా మొహం మీద పడేది. కలలో గుత్తులు నల్లమల మబ్బుల్లా కిందికి దిగేవి. దొర గిన్నె ఎత్తేవాడు, సంఘమంతా వెనక్కి తిరిగి తననే చూసేది. అంతలో విజయమ్మ మేక యెజెబెలు వచ్చి చెవి నాకేది.

రెండేళ్లు గడిచాయి. ఆకులు విస్తరంత పెరిగాయి. కాయ మాత్రం ఒక్కటి లేదు.

దొరగారి వంటమనిషి వరప్రసాదం చూసి, "ఏటా మోటుగా కత్తిరించాల అన్నా. రెండు కణుపులుంచి కోసెయ్యి" అన్నాడు.

"బిడ్డ చేతులు నరకమంటావా?" అని ఏబేలు అతనితో మాట్లాడటమే మానేశాడు.

మూడో ఏడు దసరా పోయాక, గని నుంచి ఇంటికొచ్చేసరికి తీగ లేదు. జానెడు జానెడు మోళ్లు మిగిలాయి. గోడెక్కి యెజెబెలు నెమరేస్తోంది. ఏబేలు మోళ్ల ముందు కూలబడి, చచ్చినవాళ్ల పేరు చెప్పినట్టు ఒక్కో కొమ్మనూ తలుచుకుని ఏడ్చాడు.

"క్రిస్మసుకు ఈ మేకనే కోస్తా."

"ఈస్టరు దాకా ఆగయ్యా. అప్పటికీ కాయకుంటే నేనే కోసి, నేనే వండి పెడతా."

ప్రభువు కనికరించినట్టు, పదిహేను రోజులకు మోళ్లు కళ్లు తెరిచాయి. చిగురుతో పాటే పిందెగుత్తులు. పందిరి తాటాకు కూడా యెజెబెలు పీకి తినేయడంతో, తీగ ఎండను కడుపునిండా తాగింది. ఈస్టరుకు గిన్నెలో రసం నిజంగానే నెత్తురంత ఎర్రగా వచ్చింది.

దొర పొంగిపోయాడు. "ఇంత బాగా కత్తిరించింది ఎవరు?"

ఏబేలు ముందుకొచ్చాడు. "నేనేనయ్యా."

"అయితే మా తోటంతా నువ్వే కత్తిరించు. రేపు అందరికీ చూపించు."

ఏబేలు మొహం పాలిపోయింది. వెనక నుంచి విజయమ్మ నెమ్మదిగా అంది: "వస్తాడయ్యా. ఆయనతో మేకను గూడా తోలిస్తా."

మందిరమంతా పకపకమంది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఏబేలు అడిగాడు: "ఆనాడు మేక తాడు తెగలేదు గదే. ముడి విప్పి ఉండె."

"మేకకు ముడి విప్పను వస్తాదా?"

"రాదు."

"మళ్లీ నన్నేం అడుగుతావు?"

మర్నాడు పొద్దున్నే ఏబేలు కొత్త తాటాకు తెచ్చి పెరట్లో పందిరి వేశాడు. తీగకు కాదు, విజయమ్మ పొయ్యికి.