అర మార్కు మహాసంగ్రామం

మా ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ కట్టినవాడికి అర అంటే ఏమిటో తెలియదు. ఇది నా అభిప్రాయం కాదు. జరిగిన సంగతి.

వినండి. సహస్రకిరణుడు నడినెత్తి దాటి పడమటికి ఒక్క అడుగు వేసిన వేళ, సాంకేతిక విద్యాలయపు రెండో అంతస్తులో, ఉన్న నాలుగు ఫ్యాన్లలో రెండే తిరుగుతూ ఆ రెండింటిలో ఒకటి మూలుగుతూ ఉండగా, ద్వాదశ కంప్యూటర్ పరివేష్టితులై, చిక్కుపడిన వైర్ల నాగబంధాల నడుమ, తెల్లబోర్డు అనే ధ్వజపటం నీడలో, బోధక మహారథులు ఐదుగురు ప్లాస్టిక్ కుర్చీలు అధిష్ఠించి కొలువుతీరారు. అందులో నేనొకణ్ణి. లెక్కల మేష్టారిని. ఊరిబడిలో చదువుకున్నాను. భార్య పోయి ఏడేళ్లయింది. నవ్వుతూ మాట్లాడటం నాకు చేతకాదు.

యుద్ధకారణం చెబుతాను. నా దగ్గర ఒక వెల్డరు చదువుతున్నాడు. నలభై ఆరేళ్లవాడు. తెల్లవారి లేచి పోర్టల్‌లో నా పాఠం విని, ఆ తర్వాత ఫ్యాక్టరీకి పోయి ఇనుము అతికిస్తాడు. వర్క్‌షాపు లెక్కల్లో ముప్పై ఐదు వస్తే ఫోర్‌మన్ అవుతాడు. రాకపోతే రిటైరయ్యేదాకా నిప్పురవ్వల ముందు వంగి కూర్చోవాలి. ఇప్పటికే నడుం పోయింది. ఇది మూడో ప్రయత్నం. నాలుగోది ఇవ్వరు.

పరీక్ష కాగితం మీద రాశాడు. దిద్దాను. చిన్న లెక్కలన్నిటికీ కలిపి ఇరవై ఆరు. పెద్ద లెక్కలు రెండు, ఒక్కోదానికి ఐదు. రెండింటిలోనూ దారి సరైనది, జవాబు సరైనది, చివర యూనిట్లు రాయలేదు. చెరో అర కోశాను. నాలుగున్నర, నాలుగున్నర. మొత్తం ముప్పై ఐదు. అంచు మీద నిలబడ్డాడు, కానీ నిలబడ్డాడు.

ఆ రోజు పొద్దున మార్కులు పోర్టల్‌లోకి ఎక్కించబోయాను. నాలుగు కొట్టాను, చుక్క కొట్టాను, ఐదు కొట్టాను. బిందుభక్షిణి, అర్ధాంకాపహారిణి, అధ్యాపకధైర్యవిదారిణి అయిన ఆ పోర్టల్ నా చుక్కను గుటుక్కున మింగి నలభై ఐదు అని చూపించింది. పైగా ‘గరిష్ఠం ఐదు’ అని ఎర్రటి అక్షరాలతో నన్నే గద్దించింది. ఉత్త నాలుగు కొట్టాను. ఒప్పుకుంది. రెండు చోట్లా ఒప్పుకుంది. ముప్పై నాలుగు. వెల్డరు ఫెయిలు.

సాయంత్రం నాలుగింటికి ఫలితాలకు తాళం పడుతుంది. ఆ తర్వాత ఎవరూ తెరవలేరు.

అదృష్టమో ఖర్మో, పోర్టల్‌లో అయ్యవార్లకు ఏమేం కావాలో అడిగి రాసుకోవడానికి దాన్ని కట్టిన కంపెనీ ఇంజనీరు ఆ రోజే వచ్చాడు. మెడలో కార్డు, ఒళ్లో లాప్‌టాప్, ముఖంలో ఓపిక.

“ఎన్నయినా చెప్పండి, రాసుకుంటాను” అన్నాడు. “కానీ ఇవాళ ఒక్క మార్పే చేయగలను. మూడింటికి మొదలుపెడితే మూడున్నరకి వచ్చేస్తుంది. మిగతావన్నీ వచ్చే టర్ముకి.”

మా ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. “అయితే ఓట్లు వేసుకుందాం. ఐదుగురం ఉన్నాం. మూడు చేతులు దేనికి లేస్తే అది. ముందు నాది రాయి బాబూ. మొదటి పేజీలో మన కాలేజీ చిహ్నం తిరుగుతూ ఉండాలి.”

“ఎటువైపు తిరగాలి సార్?”

“కుడివైపు. నెమ్మదిగా. గౌరవంగా.”

డ్రాయింగ్ సారుకి తెర మీద వేలితో గీత గీసే వీలు కావాలి. వర్క్‌షాపు సారుకి వీడియో నెమ్మదిగా నడవాలి. ఆయన చెయ్యి ఎలా కదిలిందో పిల్లలు చూసేలోపే అతుకు అయిపోతోందట. ఇంగ్లీషు మేడమ్‌కి అందరి మైకుల నోళ్లూ ఒక్క దెబ్బతో మూసే బటన్ కావాలి.

“నిన్న నేను పద్యం చెబుతుంటే ఎవరింట్లోనో మొగుడూ పెళ్లాం పోట్లాట” అందావిడ. “క్లాసంతా అదే విన్నారు.”

“మీరు?” అన్నాడు డ్రాయింగ్ సారు.

“నేనూ విన్నాను. తప్పు ఆయనదే.”

అప్పుడు నేను లేచాను. కుర్చీ ఆర్తనాదం చేసింది.

“ఓ బోధకశ్రేష్ఠులారా! చిహ్నం తిరిగినా తిరగకపోయినా కాలేజీ ఇక్కడే ఉంటుంది. మైకు మూసినా ఆ మొగుడు మారడు. కానీ ఈ యంత్రం పూర్ణాంకమదంతో కన్నుగానక, స్వేదజలంతో సంపాదించిన అర్ధాంకద్వయాన్ని పట్టపగలు అపహరించి, నలభై ఆరేళ్ల మనిషిని నిప్పురవ్వల్లోకి తిరిగి తోస్తుంటే, మనం చూస్తూ ఊరుకుంటే, రేపు ఎర్రసిరా పట్టుకోవడానికి మన చేతులకు అర్హత ఉండదు. నాకు అర కావాలి. అర కంటే వీసమెత్తు ఎక్కువ వద్దు, వీసమెత్తు తక్కువకు ఒప్పుకోను!”

ఫ్యాను మూలిగింది.

“మేష్టారూ, మీ టీ చల్లారిపోతోంది” అన్నారు ప్రిన్సిపాల్.

ఇంజనీరు మంచివాడే. మంచివాళ్లతోనే చిక్కు. “ఇంత గొడవెందుకు సార్? ఒకదానికి నాలుగు, ఇంకోదానికి ఐదు వేసేయండి. మొత్తం అదే కదా?” అన్నాడు.

“కాగితం మీద ఎర్రసిరాతో నాలుగున్నర అని ఉంది. కాగితాలు కట్టకట్టి సీలు వేసేశారు. రేపు తనిఖీవాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే వాడి ఫలితం ఆపేస్తారు.”

“మీరు ఆ అర కొయ్యకుండా ఉంటే సరిపోయేది కదండీ?” అంది ఇంగ్లీషు మేడమ్, నాతో కాదు, బోర్డుతో. మేమిద్దరం ఏడేళ్లుగా మాట్లాడుకోం. “యూనిట్లు రాయనంత మాత్రాన కొంప మునిగిందా?”

నేనూ బోర్డుతోనే చెప్పాను. “యూనిట్లు లేకపోతే అది ట్యాంకో టీకప్పో ఎవరికి తెలుసు? రేపు ఫోర్‌మన్ అయ్యి టీకప్పంత ట్యాంకు కట్టిస్తాడు.”

ఓట్లు జరిగాయి. ఐదు కోరికలు, ఐదు చేతులు. ఎవరి చెయ్యి వారికే లేచింది. గడియారం రెండూ నలభై చూపించింది.

ఇక నా వల్ల కానిది చేయాలి. ఒకణ్ణి ఏదైనా అడగాలి. వర్క్‌షాపు సారు పక్కకు కుర్చీ జరిపాను.

“ఆ వెల్డరుకి టార్చి పట్టడం నేర్పింది నువ్వే. చెయ్యి ఎత్తు.”

“అది అడగడమా, ఆజ్ఞా?”

“అడగడమే.”

“పదేళ్లలో నన్ను మీరు ఒక్కటి అడగలేదు మేష్టారూ. సుద్దముక్క కూడా అడగలేదు. నా చెవిలో సరిగ్గా పడలేదు, ఇంకోసారి అడగండి.”

పరాక్రమవంతులు శిరస్సు ఖండింపబడుటకైనా ఒప్పుకుందురు గాని రెండోసారి అడుగుటకు ఒప్పుకోరు. నేను అడిగాను. అది నాకు ఆ రోజు తగిలిన మొదటి గాయం.

“దయచేసి అని కూడా...”

“నీ నెత్తి.”

“చాలు, చాలు” అని నవ్వుతూ చెయ్యెత్తాడు. “నా వీడియో వచ్చే టర్ముకి నడుస్తుందిలే. వాడి నడుం ఆగదు.”

రెండు చేతులు. ఇంకొకటి కావాలి. ప్రిన్సిపాల్ గారు అప్పటికే చిహ్నం ఎంత వేగంతో తిరగాలో వేలితో గాల్లో చూపిస్తున్నారు. డ్రాయింగ్ సారు కునుకు తీస్తున్నాడు. మిగిలింది ఆవిడ.

బోర్డు వైపు చూడటం మానేసి ఆవిడ వైపు చూశాను.

“అర అంటే ఏమంత అనుకుంటున్నారు మీరు” అన్నాను. “మా ఆవిడ పోయినప్పుడు కింద హాల్లో రెండు నిమిషాల మౌనం అన్నారు. గడియారం మీ చేతిలో ఉంది. ఒకటిన్నర నిమిషానికే కూర్చోమన్నారు.”

ఆవిడ కళ్లజోడు తీసింది. “గంట కొట్టేశారు మేష్టారూ. పిల్లలు కదులుతున్నారు. అర నిమిషమే కదా అనుకున్నాను.”

“అందరూ అలాగే అనుకుంటారు. ఆ యంత్రం కూడా.”

“ఏడేళ్లు మాట్లాడకపోవడం దీనికా?”

“దీనికే.”

“స్టాఫ్‌రూంలో మీ కుర్చీ నేను తీసుకున్నందుకు అనుకున్నాను.”

“దానికి కూడా.”

వర్క్‌షాపు సారుకి టీ ముక్కులోకి పోయింది. ఆవిడ నవ్వలేదు. కళ్లజోడు తుడిచి పెట్టుకుని చెయ్యి ఎత్తింది.

“ఇది ఆ అర నిమిషానికి కాదు. అది నేను తిరిగి ఇవ్వలేను. ఇది ఆ వెల్డరుకి.” ఇంజనీరు వైపు తిరిగింది. “నా మైకుల సంగతి కూడా రాసుకో నాయనా. ఆ మొగుడు మళ్లీ మొదలుపెడతాడు.”

మూడు చేతులు. ఇంజనీరు మూడింటికి కూర్చున్నాడు. అతని పది వేళ్లూ పది అశ్వాలై కీబోర్డు మీద పరుగెత్తగా, తెర మీద ఒక చక్రం సుదర్శనంలా తిరుగుతూ, ఆగుతూ, మళ్లీ తిరుగుతూ మా ఐదుగురి ప్రాణాలనూ పెనవేసి లాగుతుండగా మూడున్నర దాటింది, మూడూ నలభై దాటింది, మూడూ యాభై అయింది.

“మూడున్నర అన్నావు కదా?” అన్నాను.

“మీకు అర లెక్కే కదా సార్ ముఖ్యం. ఆ అర కాస్త సాగింది” అన్నాడు. వాడికి ఆ తెలివి ముందే ఉండాల్సింది.

మూడూ యాభై మూడుకి “ఇప్పుడు కొట్టండి” అన్నాడు.

నాలుగు కొట్టాను. చుక్క కొట్టాను. ఐదు కొట్టాను.

చుక్క నిలిచింది.

సైన్యాలు తుడిచిపెట్టుకుపోయిన రణభూమిలో ఏకాకిగా నిలిచిన వీరుడిలా, తెల్లటి గడిలో, నాలుగుకీ ఐదుకీ నడుమ, ఆవగింజలో సగం కూడా లేని ఆ నల్లచుక్క కదలక బెదరక నిలిచింది. రెండో గడిలోనూ నిలిచింది. కింద ముప్పై ఐదు అని పడింది. ‘ఉత్తీర్ణత’ అని పచ్చగా వచ్చింది. డ్రాయింగ్ సారు లేచి చప్పట్లు కొట్టాడు, దేనికో తెలియకుండానే.

“పావు కూడా పెట్టమంటారా సార్?” అన్నాడు ఇంజనీరు.

“పావు ఎవడికి కావాలి? మనకో పద్ధతి ఉండాలి.”

వెల్డరుకి ఫోన్ చేశాను. వెనక ఇనుము మోత.

“సార్, ఏమైంది?”

“ముప్పై ఐదు.”

“ఒక్కటైనా ఎక్కువ లేదా సార్? ఇంట్లో చెప్పుకోవడానికి?”

“లేదు.”

“అయితే అదే చెబుతా సార్. మీకు ఎలా...”

“యూనిట్లు రాయి” అని పెట్టేశాను.

ఇదీ విజయం. దిక్కులు పిక్కటిల్లలేదు, పూలవాన కురవలేదు, కాలేజీ చిహ్నం ఒక్క చుట్టు తిరగలేదు. సకల భువనాలూ ఆలకించుగాక: ఒక పోర్టల్‌లో, ఒక గడిలో, ఒక చుక్క ఇప్పుడు నిలబడుతుంది. అంతే.

ప్రిన్సిపాల్ గారు ఈ సంగతి కాలేజీ పత్రికకు రాయమన్నారు. రాశాను. వచ్చే మీటింగులో నాలుగు మాటలు మాట్లాడమని కూడా అన్నారు. మాట్లాడను. ఇక ఈ విషయం నా నోట ఎప్పుడూ రాదు. ఎవరూ అడగొద్దు.