హెడ్ క్లర్కు గారి చేపల పుస్తకం

పగడపు దిబ్బల్లో చేపల్ని గుర్తుపట్టడానికి పుస్తకం కొనేవాళ్ళు ఏరికోరి చెత్త పుస్తకమే కొనాలి! మంచి పుస్తకం చేపల పేర్లు మాత్రమే చెబుతుంది. చెత్త పుస్తకం కాపురాలు చక్కదిద్దుతుంది. నమ్మకం కుదరకపోతే ఈ హెడ్ క్లర్కు గారి సంగతి వినండి.

ఆయన జనన మరణాల నమోదు ఆఫీసులో పనిచేస్తారు. ఎదురుగా నిలబడి దగ్గుతున్న మనిషి కన్నా ఫైల్లో పడుకున్న మనిషి మీదే ఆయనకు గురి. అలాంటాయన, పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి భార్యను నాలుగు రోజులు సముద్రానికి తీసుకెళ్తూ ముందుగా ఏం కొన్నారు? టోపీయా? చెప్పులా? పుస్తకం!

షాపులో ఆయన భార్య ఒక ప్లాస్టిక్ అట్ట తీసింది. ఆ తీరంలో కనబడే నలభై చేపల బొమ్మలు. నీళ్ళలో ముంచినా చెక్కుచెదరదు.

"ఇది చాలదా అండీ?"

"నలభై చేపలకి సముద్రం దాకా ఎందుకు? అక్వేరియం చాలు," అంటూ ఆయన రెండు కిలోల గ్రంథం చంకన పెట్టుకున్నారు. పన్నెండు వందల చేపలు! అన్నీ శాస్త్రీయ నామాల అక్షరక్రమంలో! అంటే చేప పేరు ముందే తెలిస్తే, ఆ చేప పేరేమిటో ఇట్టే తెలుసుకోవచ్చన్నమాట. ఇంతకు మించిన సదుపాయం ఏముంటుంది?

రెండు రోజులు ఇదే వరస. మాస్కు పెట్టుకుని నీళ్ళలో తల ముంచడం, ఒక చేపను చూడడం, హడావిడిగా పడవెక్కడం, తడి చేతులతో పేజీలు తిప్పడం. పేరు దొరికేసరికి చేప తన దారిన తాను పోయేది. పోతేపోనీ, పేరు ఎక్కడికీ పోదు కదా! పెన్సిలుతో ఒక టిక్కు.

ఆవిడ మాత్రం ఒకే రాయి దగ్గర, నీటి మీద తేలుతూ, గంటలకొద్దీ ఉండిపోయేది.

మూడో రోజు భోజనాల వేళ పేచీ మొదలైంది.

"మీసాల తెల్ల చేప, మీసాల ఎర్ర చేప. రెండు రకాలు, రెండు పేజీలు," అని టిక్కులు చూపించారు ఆయన.

"రెండూ ఒకటేనండీ. ఆ రాయి దగ్గరికి తెల్లగా వస్తుంది. చిన్న చేపలు ఒళ్ళు శుభ్రం చేస్తుంటే ఎర్రబడుతుంది. పని కాగానే మళ్ళీ తెల్లగా వెళ్ళిపోతుంది. దాని తోక చిరిగి ఉంది, నేను ఆనవాలు పట్టాను."

"పుస్తకంలో లేదే!"

"కళ్ళెదుట ఉంది కదండీ!"

"కళ్ళదేముంది, సవాలక్ష చూస్తాయి."

ఆవిడ తన డబ్బా మూత పెట్టేసి అటు తిరిగి కూర్చుంది. అన్నం అలాగే ఉండిపోయింది.

పడవ నడిపే ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సార్, పుస్తకం నేను పట్టుకుంటాలెండి. మీరొక్కసారి అమ్మ చెప్పిన చోట కదలకుండా ఉండి చూసి రండి."

చేతిలో పుస్తకం లేకపోయేసరికి ఆయనకు చూడడం తప్ప వేరే పని లేకపోయింది. భార్య చెయ్యి పట్టుకుని పావుగంట తేలారు. తెల్ల చేప వచ్చింది. రాయి పక్కన నిలువుగా నిలబడింది. చిన్న చేపలు చుట్టూ మూగాయి. చూస్తుండగానే ఒళ్ళంతా ఎరుపెక్కింది. తోక చిరిగే ఉంది!

పడవెక్కి, మాస్కు తీసి, "ఎర్రబడింది," అన్నారు మెల్లగా.

"చేపా, మీ మొహమా?"

ఆయన పుస్తకం తీసుకుని ఒక టిక్కు చెరిపేశారు. మార్జిన్లో రాశారు: "రెండూ ఒకటే. చూసినది: నా భార్య." కింద తేదీ వేసి సంతకం కూడా పెట్టారు.

అందుకే అంటున్నాను, చెత్త పుస్తకమే కొనండి! మంచి పుస్తకంలో ఆ సంగతి ముందే అచ్చయి ఉండేది. ఆయన పుస్తకాన్ని నమ్మేవారు. మరి ఆవిడ మాటో?

ఆవిడ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. తర్వాత డబ్బా మూత తీస్తూ అంది: "ఇరవై ఏళ్ళలో నేను చెప్పినవి ఇంకా చాలా ఉన్నాయి. ఆ పుస్తకం చివర ఖాళీ కాగితాలు ఎన్నున్నాయో కాస్త చూడండి."