అడగని దళారి

మధ్యలో దళారి లేని వ్యాపారం ఒక వ్యాపారమేనా? ఎవరి మాట వారే నేరుగా చెప్పుకుంటే, నష్టమొచ్చినప్పుడు తప్పెవరిదో ఇట్టే తెలిసిపోదూ! అందుకే మా కర్టెన్ల కొట్టు కంప్యూటర్‌లోని షెల్ అనే దళారికి చేతులెత్తి మొక్కుతున్నాను.

మనం టైపు చేసిన ఆజ్ఞను ఈ షెల్ అందుకుని, అసలు పని చేసే ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది. అందులో నక్షత్రం గుర్తు (*) ఉంటే, దానికి సరిపోయే ఫైళ్ల పేర్లన్నీ తానే విప్పి ఇస్తుంది. నక్షత్రాన్ని మాత్రం గుట్టుచప్పుడు కాకుండా మింగేస్తుంది.

మా పాత కంప్యూటర్‌కు ఇంత మర్యాద తెలియదు. నక్షత్రం నేరుగా చెరిపే ప్రోగ్రామ్ చేతిలోనే పడేది. "అన్నీ చెరిపెయ్యమంటారా?" అని అది ఎదురడిగేది. యజమానికే ప్రశ్నలా!

కొత్తదానికి ఆ చాదస్తం లేదు. మేం కుట్టిన కర్టెన్లు ఎప్పటికప్పుడు అమ్ముడుపోతాయి. కొత్త బేరానికి వాటి ఫొటోలే ఆధారం. పెద్ద హోటల్ మేనేజర్ వస్తున్నాడని, ‘పాత’ అని మొదలయ్యే ఫొటోలు తీసేయడానికి మా బావమరిది కూర్చున్నాడు. ‘పాత’ కొట్టి, దాన్ని ఆనుకుని నక్షత్రం కొట్టాలి. వేలు జారి మధ్యలో ఖాళీ పడింది. ఒంటరి నక్షత్రమంటే దళారి లెక్కలో సమస్తమూ! అది పేర్లన్నీ విప్పి ఇచ్చింది, ప్రోగ్రామ్ ఫొటోలన్నీ చెరిపేసింది. ఎంత పొందిక!

"ఒరేయ్, ఒక్క మాటైనా అడగలేదట్రా అది?"

"ఎలా అడుగుతుంది బావా? నేను నక్షత్రం కొట్టానని దానికి తెలీదుగా. పేర్లన్నీ నేనే ఓపిగ్గా కొట్టాననుకుంది పాపం!"

"మరి ఆ షెల్లుకేం రోగం?"

"విప్పడమే దాని పని. చెరపడానికో, చూపడానికో దానికెందుకు?"

విన్నారా! అడిగే నోరున్నదానికి నక్షత్రం కనబడదు. నక్షత్రం చూసినదానికి అడిగే పని లేదు. ఇంటికెళితే మా ఆవిడ, "ఖాళీ పడితే మా తమ్ముడేం చేస్తాడండీ?" అని తేల్చేసింది. ముగ్గురూ నిర్దోషులే! ఇందరిని ఒకేసారి గట్టెక్కించే ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందా?

మేనేజర్ రానే వచ్చాడు. "మీ డిజైన్లన్నీ ఓసారి చూపించండి" అన్నాడు. బావమరిది అలవాటు కొద్దీ, చూపించమనే ఆజ్ఞ పక్కన నక్షత్రం కొట్టాడు. విప్పడానికి ఒక్క పేరూ దొరక్క, దళారి చేతులెత్తేసి నక్షత్రాన్ని ఉన్నదున్నట్టుగా ప్రోగ్రామ్‌కు అప్పగించింది. ‘నక్షత్రం పేరుతో ఇక్కడ ఫైలేదీ లేదు’ అని ప్రోగ్రామ్ తెర మీద వినయంగా మనవి చేసుకుంది.

మేనేజర్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

మేం కొట్టిన నక్షత్రం దళారి చెయ్యి పడకుండా నేరుగా ప్రోగ్రామ్‌కు చేరింది, ఇన్నాళ్లకు. కొట్టు ఊడ్చుకుపోయాక!