మానినది

ప్రభుత్వ అనుమతి లేకుండా జిల్లాలో ఏ పుండూ ఇకపై పెరగరాదు. ఆ మేరకు 'వ్రణమిత్ర' అనే యాప్ అమల్లోకి వచ్చింది. (ఈ సంగతి పుండ్లకు తెలియజేసే బాధ్యత నర్సులది.)

కృష్ణపట్నం అవతల ఒక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు రెజీనా పదిహేనేళ్లుగా కట్లు కడుతోంది. పుండు వాసన చూసి, చుట్టూ వేలితో నొక్కి సంగతి చెప్పేయగలదు. యాప్‌లో వాసనకు గడి లేదు. పొడవు, వెడల్పు, లోతు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో కావాలి. కట్టు కట్టడానికి పది నిమిషాలు, ఫొటో ఎక్కడానికి ముప్పావు గంట.

పోలేరయ్య సముద్రం మీద చేపల వేటకు పోయే మనిషి. షుగరు ఉంది. మడమ మీద పుండు ఐదు నెలలుగా మానడం లేదు. ఆ వారం అది అర సెంటీమీటరు పెరిగి, అంచు నల్లబడింది. పెద్దాసుపత్రికి పంపకపోతే కాలు దక్కదని రెజీనాకు అర్థమైపోయింది. 'పెరిగినది' అని నొక్కింది. జిల్లా వ్రణ పర్యవేక్షణాధికారి మాలకొండయ్య గారు ఒప్పుకుంటే తప్ప పెద్దాసుపత్రికి పంపే చీటీ ఇవ్వనంది యాప్.

ఆయనే ఫోన్ చేశారు.

"ఏందమ్మా రెజీనా, జిల్లా మొత్తంలో నీ దగ్గరే పుండు పెరిగిందే! స్కేలు వంకరగా పెట్టినావేమో చూసుకో."

"స్కేలు బాగానే ఉండాది సార్. కాలే పోయేట్టుండాది."

"మళ్లీ ఫొటో తీసి పంపు. ఈసారి తగ్గి ఉండాల."

పోలేరయ్య మూడుసార్లొచ్చి మడమ చూపించాడు. మూడు ఫొటోలూ తిరిగొచ్చాయి. వెలుతురు చాలదు, స్కేలు నీడ పడింది, మడమ మధ్యలో లేదు. రెజీనా తెగించి తెల్లకాగితం మీదే చీటీ రాసిచ్చింది. యాప్ నంబరు లేని చీటీ చెల్లదని పెద్దాసుపత్రి గుమ్మంలోంచే పంపేశారు.

"ఫొటోలకి తిరగడం నా వల్ల కాదు సిస్టరమ్మా," అని పోలేరయ్య కుంటుకుంటూ పోయాడు. మళ్లీ రాలేదు.

రెజీనా ఉన్నదున్నట్టు యాప్‌లో రాసింది: "రోగి రావడం మానినాడు." యాప్‌కు తెలుగు వచ్చు. 'మాని' అన్న ముక్క పట్టుకుని, 'పుండు మానినది' అని పచ్చరంగు వేసి కేసు మూసేసింది. జిల్లాలో విసిగిపోయి రావడం మానిన రోగులందరికీ అలాగే మానిపోయింది. మాలకొండయ్య గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

పై నెలలో పోలేరయ్యకు మోకాలి కింద కాలు తీసేశారు. రెజీనాకు ఒళ్లు మండిపోయింది. రికార్డు దిద్దమని మాలకొండయ్య గారికే ఫోన్ చేసింది.

"పుండు మానలేదు సార్. కాలు తీసేసినారు."

మాలకొండయ్య గారు ఓపిగ్గా విన్నారు.

"అయితే ఒకటి చెప్పమ్మా. ఇప్పుడా కాలికి పుండు ఉండాదా, లేదా?"